ఆస్పత్రి వదిలి కౌన్సిల్‌లో చేరితే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నా చేతి పని ఏమవుతుంది?

వంశధార

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. చెన్నైలో ఆక్యుపేషనల్ థెరపీ చదివాను. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చి, ఇక్కడి రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, ప్రస్తుతం ఒక ఆస్పత్రిలో పక్షవాతం వార్డులో పని చేస్తున్నాను. రోగిని మంచం అంచున కూర్చోబెట్టడం, చొక్కా వేసుకోవడం మళ్లీ నేర్పడం, చెయ్యి బిగుసుకుపోకుండా చూడడం, వంటగదిలో టీ పెట్టించి ఎక్కడ తడబడుతున్నారో గమనించడం నా రోజువారీ పని. ఈ పని నాకు ఇష్టం.

ఇప్పుడు పక్క కౌంటీ కౌన్సిల్‌లో (కౌన్సిల్ అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం), వయోజనుల సామాజిక సంరక్షణ విభాగంలో ఉద్యోగం వచ్చింది. రాత్రి డ్యూటీలు, శనాదివారాలు ఉండవు. పాప చిన్నది కాబట్టి అది నాకు పెద్ద సౌకర్యం. కానీ వార్డులో తోటివాళ్లు భయపెడుతున్నారు. అక్కడికి వెళితే కమోడ్లు, కడ్డీలు ఆర్డర్ చేసే గుమాస్తావి అవుతావు, రెండేళ్లలో చదివినదంతా మరిచిపోతావు అంటున్నారు. మా అత్తగారు ఫోనులో, ‘ఆస్పత్రి వదిలి ఆఫీసు ఉద్యోగం ఎందుకమ్మా’ అన్నారు.

నా సందేహాలు ఇవి. నిజంగా చికిత్స చేసే నైపుణ్యం పోతుందా? డబ్బు లేదని మనుషులకు కాదని చెప్పాల్సి వస్తుందా? ఒంటరిగా కొత్త ఇళ్లకు వెళ్లడం ఎలా ఉంటుంది? కారు తప్పనిసరి అంటున్నారు, నాకింకా మన దేశపు లైసెన్సే ఉంది. కౌన్సిల్‌లో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మెర్సీ ఒడ్డున

నేను థెరపిస్టును కాను, ఇలాంటి విభాగంలోనే సోషల్ వర్కర్‌ను. మా థెరపిస్టులతో ఒకే గదిలో కూర్చుంటాను కాబట్టి చూసినది రాస్తున్నాను.

చికిత్స సంగతి వాళ్లే చెప్పాలి. నేను చెప్పేది బరువు గురించి. మా దగ్గర ఎదురుచూసేవాళ్ల జాబితా ఎప్పుడూ ఖాళీ కాదు. ఆస్పత్రిలో పడకలు నిండితే ఇక చాలు అంటారు, ఇక్కడ అలా అనేవారు ఉండరు. ఫోను ఎత్తితే ఎవరో ఒకరి కూతురు, ‘మా అమ్మ మూడు నెలలుగా వంటగది సింకు దగ్గరే ఒళ్లు తుడుచుకుంటోంది, మీరెప్పుడు వస్తారు’ అని అడుగుతుంది. దానికి సమాధానం చెప్పాలి. రోజూ చెప్పాలి. మా థెరపిస్టుల్లో మంచివాళ్లు సాయంత్రం కారులో కాసేపు ఊరికే కూర్చుని గాని ఇంటికి బయలుదేరరు.

కారు విషయం. మన లైసెన్సుతో గ్రేట్ బ్రిటన్‌లో నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలల వరకే నడపవచ్చు. ఆ తర్వాత ఇక్కడి థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ పాసవ్వాలి. తేదీలు దొరకడం ఆలస్యమవుతుంది, కాబట్టి ఉద్యోగం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రేపే దరఖాస్తు పెట్టండి.

పాకాల చెరువు

వంశధార గారూ, నేను మిడ్‌లాండ్స్‌లో ఒక కౌన్సిల్‌లో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అంతకు ముందు మీలాగే వార్డులో ఉండేదాన్ని. మీ తోటివాళ్లు అన్న మాట నాకూ అన్నారు. విన్న ప్రతిసారీ కోపం వస్తుంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ఒక ఇంటి గురించి చెబుతాను. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. బూట్ల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన పెద్దాయన. పక్షవాతంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. ఆస్పత్రి కాగితంలో ‘మెట్లు ఎక్కి దిగగలరు’ అని ఉంది. అది అబద్ధం కాదు. ఆస్పత్రిలో సాధన చేయించే మెట్లకు రెండు వైపులా కడ్డీ ఉంటుంది. ఆయన ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటి వరస ఇల్లు: కింద రెండు గదులు, పైన రెండు, నడుమ రెండు గోడల మధ్య నిటారుగా లేచే మెట్లు. కడ్డీ ఒక్క వైపే ఉంది, ఎక్కేటప్పుడు కుడి చేతికి అందేలా. దిగేటప్పుడు అదే కడ్డీ ఎడమ చేతి వైపుకు వస్తుంది. ఆ చేతిలో పట్టు లేదు.

‘నాన్న బాగానే ఎక్కి దిగుతున్నాడు’ అని కూతురు చెప్పింది. ఒకసారి చూపించమని ఆయన్ని అడిగాను. చక్కగా ఎక్కాడు. దిగమంటే పైన ఆగి, ముఖం పై గదుల వైపే ఉంచి, కుడి చేత్తో అదే కడ్డీ పట్టుకుని వెనక్కి వెనక్కి దిగడం మొదలుపెట్టాడు. బలహీనమైన కాలు కింది మెట్టు కోసం గాలిలో తడుముకుంటోంది. కూతురు నోట మాట రాలేదు. ఆమె వచ్చే వేళకు ఆయన రోజూ కిందే ఉంటాడు, ఎలా దిగుతున్నాడో ఆమె ఎన్నడూ చూడలేదు.

రెండో గోడకు ఇంకో కడ్డీ బిగించాం. కడ్డీ ఆర్డర్ చేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. కానీ ఏ గోడకు, ఎంత ఎత్తులో, పైమెట్టు దాటి ఎంతవరకు సాగాలి అన్నవి ఆయన శరీరం తెలిస్తేనే తేలతాయి. పైగా ఎడమ వైపున్నది ఆయన దృష్టికి ఆనడం లేదు. పళ్లెంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేసే రోగులను మీరు వార్డులో రోజూ చూస్తుంటారు. ఈ ఇంట్లో అదే లోపం మెట్ల ఎడమ అంచులో పొంచి ఉంది. అందుకని ప్రతి మెట్టు అంచుకూ ఎడమ గోడ దాకా తెల్లని పట్టీ అంటించి, ఆ చివరిదాకా చూసి అడుగు వేయడం ఆయనకు సాధన చేయించాను. వార్డులో నేర్చుకున్నది కాకపోతే ఇది ఏమిటి? ఈ పనిని గుమాస్తాకు అప్పగించండి, చూద్దాం.

కాబట్టి మీ మొదటి సందేహానికి నా జవాబు ఇది: నైపుణ్యం పోదు, ఇంకా పదునెక్కుతుంది. ఎందుకంటే ఆస్పత్రిలో గది మీకు అనుకూలంగా ఉంటుంది. నేల చదునుగా, మంచం ఎత్తు మీట నొక్కితే మారేలా, వెలుతురు ధారాళంగా ఉంటుంది. ఇంట్లో మంచం పక్కన నడవడానికి జానెడు చోటే ఉంటుంది, అందులో కుక్క పడుకుని ఉంటుంది.

రెండో ఇంటి గురించి చెబితే మీకు చట్టం ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఒక గుజరాతీ పెద్దావిడ, కొడుకు ఇంట్లో ఉంటారు. స్నానపు తొట్టి గోడ దాటి కాలు లోపల పెట్టలేకపోవడంతో స్నానం మానేశారు. ఉదయం వచ్చే కేరర్ వాష్ బేసిన్ దగ్గర తడిగుడ్డతో ఒళ్లు తుడిచి వెళుతుంది. కాగితం మీద పరిశుభ్రత అవసరం తీరిపోయింది. ఈ కేసు మూసేయవచ్చా అని పైనుంచి అడిగారు.

నేను దుభాషిని పెట్టించుకుని మళ్లీ వెళ్లాను. కొడుకు మంచివాడే, కానీ ముఖ్యమైన సంభాషణలకు ఇంటివాళ్లను దుభాషులుగా వాడకూడదు. దాని వెనక ఎంత అర్థముందో ఆ రోజు చూశాను. కొడుకు గది దాటగానే ఆవిడ చెప్పారు: తలారా నీళ్లు పోసుకోనిదే దేవుడి గదిలోకి వెళ్లరు. పూజ కానిదే ఏమీ తినరు. నెలల తరబడి పూజ లేదు, మధ్యాహ్నం కోడలు పనినుంచి వచ్చేవరకు తిండీ లేదు. షుగర్ మాత్ర మాత్రం పొద్దున్నే వేసుకుంటున్నారు. కళ్లు తిరిగి రెండుసార్లు పడ్డారు. పడిన సంగతి కొడుకుకు తెలియదు.

మనం తెలుగువాళ్లం కాబట్టి ఇది వినగానే అర్థమవుతుంది. కానీ అర్థమైతే చాలదు, దాన్ని చట్టం ముందు పెట్టాలి. ఇంగ్లండ్‌లో 2014 నాటి కేర్ యాక్ట్ పది విషయాలు చెబుతుంది: తిండి, పరిశుభ్రత, మలమూత్ర విసర్జన, తగిన బట్టలు, ఇంట్లో క్షేమంగా మసలడం, ఇంటిని నివాసయోగ్యంగా ఉంచుకోవడం, కుటుంబంతో, స్నేహితులతో సంబంధాలు, పని లేదా చదువు, చుట్టుపక్కల సౌకర్యాల వినియోగం, పిల్లల పెంపకం. అనారోగ్యం వల్ల వీటిలో కనీసం రెండు చేయలేకపోతే, దాని ప్రభావం మనిషి క్షేమం మీద గట్టిగా పడితే, సాయానికి అర్హత వస్తుంది. ఈవిడ విషయంలో స్నానం ఒకటి కాదు. పరిశుభ్రత, తిండి, ఇంట్లో క్షేమం, మూడూ ఒకే తొట్టి గోడ దగ్గర ఆగిపోయాయి. ఆ గొలుసును నేను నివేదికలో ఒక్కొక్క కొక్కెంగా రాశాను.

తొట్టి తీసేసి, గడప లేని స్నానాల గది కట్టారు. గోడకు మడిచే సీటు, చేతిలో పట్టుకునే షవర్. ఆ సీటు పక్కనే బకెట్ పట్టేంత చోటు వదలమని కొలత వేసి మరీ ఇచ్చాను. ఆవిడ షవర్ కింద కూర్చుని కూడా చివర మూడు చెంబులు పోసుకుంటారని నాకు తెలుసు. చెంబుకు రెండు చేతులతో పట్టుకునేలా పెద్ద పిడి చేయించాం.

ఆ డబ్బు ఎక్కడిది అంటారా? 1996 నాటి గృహ నిర్మాణ గ్రాంట్ల చట్టం కింద వికలాంగుల సదుపాయాల గ్రాంటు ఉంది. ఇంగ్లండ్‌లో గరిష్ఠం 30,000 పౌండ్లు, వేల్స్‌లో 36,000. పెద్దవాళ్లకైతే ఆదాయం చూస్తారు. కానీ వికలాంగ వ్యక్తిదీ, జీవిత భాగస్వామిదీ మాత్రమే చూస్తారు. ఇల్లు కొడుకుదైనా కొడుకు జీతం లెక్కలోకి రాదు. ఈ మాట తెలియక మన భారతీయ కుటుంబాలు ఎన్నో దరఖాస్తే పెట్టవు. పిల్లలకైతే తల్లిదండ్రుల ఆదాయం అసలు చూడరు. 1,000 పౌండ్లలోపు చిన్న మార్పులు, పరికరాలు అవసరమని తేలితే ఆదాయం చూడకుండా ఉచితమే.

మీ అత్తగారికి చెప్పండి, ఇది ఆఫీసు ఉద్యోగం కాదని. ఈ దేశంలో ఆక్యుపేషనల్ థెరపీకి మొదటి పాఠశాలను 1930లో బ్రిస్టల్‌లో స్థాపించిన డాక్టర్ ఎలిజబెత్ కాసన్, వైద్యం చదవకముందు లండన్ సదర్క్ ప్రాంతంలో ఆక్టేవియా హిల్ దగ్గర పేదల అద్దె ఇళ్ల నిర్వహణలో పని చేశారు. మనిషి ఉండే ఇల్లు ఎలా ఉందో చూసిన తర్వాతే ఆవిడ వైద్యంలోకి వచ్చారు. ఆ తర్వాత 1970లో ఆల్ఫ్ మోరిస్ అనే ఎంపీ తెచ్చిన చట్టం, వికలాంగుల ఇళ్లలో మార్పులు చేయించడం కౌన్సిళ్ల బాధ్యత అని చెప్పింది. ఆయన తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని వికలాంగుడై వచ్చాడు. కౌన్సిళ్లలో మన వృత్తికి చోటు పెరిగింది ఆ బాధ్యత వల్లే. ఇళ్లకు వెళ్లడం మన వృత్తికి పక్కదారి కాదు.

పోయేవి కూడా ఉన్నాయి, దాచను. చేతికి స్ప్లింట్లు, అంటే చెయ్యి సరైన తీరులో నిలిపే ఊతలు, తయారుచేయడం పోతుంది. రోజురోజుకూ ఒకే మనిషిలో మెరుగు చూసే ఆనందం తగ్గుతుంది, ఎక్కువమందిని రెండు మూడుసార్లే కలుస్తారు. అది మీకు ముఖ్యమైతే, కౌన్సిల్‌లోనే రీఏబుల్‌మెంట్ జట్టు ఉందేమో చూడండి. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లకు ఆరు వారాల వరకు ఉచితంగా ఇంట్లోనే మళ్లీ స్నానం, వంట, బట్టలు వేసుకోవడం సాధన చేయించే జట్టు అది. వార్డు నుంచి వచ్చేవారికి అంతకన్నా మంచి మొదటి మజిలీ నాకు తెలియదు.

ఉదయగిరి

నేను నెల్లూరు జిల్లాలో ఉంటాను, ఇదే వృత్తి. పైన రాసినది చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ఇక్కడ మనకు కౌన్సిల్ లేదు, గ్రాంటు లేదు. సదరం శిబిరంలో ఇచ్చే సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో ఉంటుంది. ఆ మనిషి పెరట్లో ఉన్న మరుగుదొడ్డి దాకా ఎలా వెళుతున్నాడో అందులో ఉండదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, మంచిదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో పెట్టే శిబిరాల్లో మూడు చక్రాల బండ్లు, వీల్‌చెయిర్లు ఇస్తారు. అవి చాలా ఇళ్లలో గడప బయట వానకు తడుస్తుంటాయి. గడప ఎత్తుగా ఉంటుంది, వాకిలికి మూడు మెట్లు ఉంటాయి. బండి ఇచ్చేముందు ఆ వాకిలి ఎవరూ చూడలేదు.

అందుకే నేను సిమెంటు పని తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకుని వెళుతున్నాను. మెట్టు ఎత్తు ఎంతో దానికి పన్నెండింతల పొడవు వాలు ఉండాలని ఆయనకు నేర్పాను. మూడు మెట్లు కలిపి అడుగున్నర, అంటే పద్దెనిమిది అంగుళాలు వస్తే పద్దెనిమిది అడుగుల వాలు కావాలి. వాకిట్లో అంత చోటు ఉండదు. అప్పుడు గోడ వెంట మలుపు తిప్పి, మలుపు దగ్గర చదునుగా బండి తిరిగేంత చోటు వదిలి కట్టాలి. ఊళ్లో ఒక ఇంట్లో కడితే పక్కింటి తాతకూ పనికొస్తుంది.

1950లో ముంబయి కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ గారు మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీకి మొదటి పాఠశాల పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా జిల్లా కేంద్రం దాటితే మన వృత్తి పేరే తెలియదు. వంశధార గారూ, మీరు అక్కడ ఇళ్లకు వెళ్లి పని నేర్చుకుంటే, ఎప్పుడైనా శ్రీకాకుళం వచ్చినప్పుడు ఒక్క వారం మాలాంటివాళ్లకు నేర్పండి. నిజంగా అడుగుతున్నాను.

వంశధార

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఉదయగిరి గారూ, తప్పకుండా. లైసెన్సుకు ఈ ఉదయమే దరఖాస్తు పెట్టాను.

పాకాల చెరువు గారూ, మిమ్మల్ని అక్కా అని పిలవవచ్చా? రెండు విషయాలు ఇంకా కుదురుగా లేవు. ఒకటి, నివేదికలు. నా ఇంగ్లీషు వైద్యపరంగా ఫర్వాలేదు, కానీ డబ్బు మంజూరు చేసేవాళ్లను ఒప్పించేలా రాయగలనా? రెండు, కాదని చెప్పడం. ఆ గుజరాతీ పెద్దావిడకు మీరు సాధించి పెట్టారు. సాధించలేని రోజు ఏమి చేస్తారు?

పాకాల చెరువు

అక్కా అనే పిలువు, చెల్లీ. నాకూ సంతోషం.

నివేదిక సంగతి. గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు, చూసినది రాయాలి. ‘బట్టలు వేసుకోవడం కష్టం’ అని రాస్తే అది ఎవరికైనా వర్తిస్తుంది, ఎవరికీ డబ్బు రాదు. చట్టంలో ‘చేయలేకపోవడం’ అంటే ఒంటరిగా అసలు చేయలేకపోవడం ఒక్కటే కాదు. చేయగలిగినా విపరీతమైన నొప్పి, బాధ, ఆందోళన కలిగితే అదీ వర్తిస్తుంది. తనకో ఇతరులకో ప్రమాదమైతే అదీ వర్తిస్తుంది. మామూలుకన్నా చాలా ఎక్కువ సమయం పడితే అదీ వర్తిస్తుంది. కొత్తగా వచ్చిన థెరపిస్టులు చాలామంది ఈ చివరి మూడింటినీ వదిలేస్తారు. ‘మీరు మీ పనులు చేసుకోగలరా’ అని అడిగితే ఆ తరం మనుషులు చేసుకోగలమనే చెబుతారు, అభిమానం అలాంటిది. అందుకని అడగవద్దు, చేసి చూపించమను. గడియారం చూడు. ‘ఆమె ఒంటరిగా బట్టలు వేసుకుంటారు. నలభై నిమిషాలు పట్టింది. భుజం నొప్పికి మూడుసార్లు ఆగారు. అయ్యాక అలసటతో వంట చేయలేక బిస్కెట్లు తిన్నారు’ అని రాయి. చిన్న వాక్యాలు చాలు. ఆ నాలుగు వాక్యాలను కాదనడం ఏ అధికారికీ సులువు కాదు.

వీలైతే పని జరిగే వేళకే వెళ్లు. స్నానం సమస్యయితే ఉదయం. పార్కిన్సన్ రోగి అయితే మాత్ర వేసుకునే ముందు ఒకసారి, వేసుకున్నాక ఒకసారి చూడాలి. పగలు పదకొండూ పన్నెండు మధ్య చూసిన మనిషి, ఉదయం ఆరింటికి మంచం దిగలేని మనిషి ఒకరే అనిపించదు.

ఇక కాదని చెప్పడం. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలపవద్దు.

మొదటిది, అడిగినది అవసరానికి తగినది కాకపోవడం. గ్రాంటు చట్టంలో మనం తేల్చాల్సింది ఆ మార్పు అవసరమా, తగినదా అని. కట్టడం సాధ్యమా, సమంజసమా అన్నది గృహ విభాగం తేలుస్తుంది. కొడుకు కింద కొత్త గది కట్టించమంటాడు, మెట్ల వెంట కుర్చీలో కూర్చోబెట్టి పైకి తీసుకెళ్లే మెట్ల లిఫ్టుతోనే తల్లి అవసరం తీరుతుంది. అప్పుడు నేను కాదంటాను, ఎందుకో ఆ ఇంట్లో కూర్చునే చెబుతాను, ఉత్తరంలో మొదటిసారి చదివే పరిస్థితి రానివ్వను. కానీ జబ్బు ముదిరేది అయితే లెక్క మారుతుంది. కండరాలు క్రమంగా చచ్చుబడే మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్న మనిషికి ఇవాళ మెట్ల లిఫ్టు సరిపోతుంది, అది బిగించేసరికి అందులో కూర్చోలేకపోవచ్చు. ఆ ఫైలు వచ్చిన రోజే రాబోయే దశకు రాయాలి, జాబితాలో పైకి తేవడానికి పోట్లాడాలి. దరఖాస్తు అందిన ఆరు నెలల్లో గ్రాంటు మీద నిర్ణయం చెప్పాలని చట్టం అంటుంది, కానీ దరఖాస్తుకు ముందు మన కోసం ఎదురుచూసిన కాలం ఆ ఆరు నెలల్లో లేదు. ఆ కాలంలోనే మనుషులు పోతారు. నాకు ఈ పనిలో నిద్ర పట్టనివ్వనిది అదొక్కటే.

రెండోది, మనం ఇస్తామన్నా వాళ్లు వద్దనడం. గుండె జబ్బుతో మెట్లెక్కితే ఆయాసపడే ఒక పెద్దమనిషి, మంచం కింది అంతస్తుకు దించుదామంటే ఒప్పుకోలేదు. మెట్ల లిఫ్టు రావడానికి ఆలస్యం ఉంది, ఈలోగా పడిపోతారని అందరికీ భయం. ఆయన భార్య మంచం పై అంతస్తులో ఉంది, ఆవిడ పక్కన కాక వేరేచోట పడుకోనన్నారు. 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం ప్రకారం, అర్థం చేసుకునే శక్తి ఉన్న మనిషి తీసుకున్న నిర్ణయం మనకు తెలివితక్కువగా కనిపించినంత మాత్రాన కొట్టేయడానికి వీల్లేదు. నాకు ఆ నిర్ణయం తెలివితక్కువగా కూడా కనిపించలేదు. మెట్ల సగంలో మలుపు దగ్గర చిన్న కుర్చీ పట్టే చోటు ఉంది. అక్కడ కుర్చీ, గోడకు కడ్డీ, మెడలో అత్యవసర బటన్ పెట్టించాం. ఆగి, కూర్చుని, ఎక్కేవారు. సామాజిక సంరక్షణలో మన పని చాలాసార్లు ఇలాగే, మనిషి కోరుకున్న బతుకును వీలైనంత క్షేమంగా చేయడం.

ఒంటరిగా ఇళ్లకు వెళ్లడం గురించి అడిగావు. ప్రతి కౌన్సిల్‌కూ ఒక పద్ధతి ఉంటుంది: వెళ్లేముందు ఎక్కడికో నమోదు చేయడం, బయటికి రాగానే చెప్పడం, ప్రమాదం ఉందనుకున్న ఇంటికి ఇద్దరు వెళ్లడం. ఆ పద్ధతి ఏమిటో అడిగితే తడుముకునే మేనేజరు దగ్గర చేరవద్దు.

ఒప్పుకునే ముందు ఇంకా ఇవి అడుగు. వృత్తిపరంగా నిన్ను పర్యవేక్షించేది థెరపిస్టా, సోషల్ వర్కరా? కనీసం మొదటి ఏడాది థెరపిస్టే ఉండాలని పట్టుబట్టు. మొదటి నెలల్లో అనుభవమున్నవారి వెంట ఇళ్లకు పంపుతారా? హాయిస్టులతో మనుషులను ఎత్తి దించడంలో శిక్షణ ఎవరు ఇస్తారు? కౌంటీ కౌన్సిల్ అంటున్నావు కాబట్టి, గ్రాంటు డబ్బు సాధారణంగా ఆ కౌంటీలోని జిల్లా కౌన్సిల్ చేతిలో ఉంటుంది, సిఫారసు మాత్రం నీది. ఆ రెండు కార్యాలయాల మధ్య నెలకోసారైనా సమావేశం ఉందా అని అడుగు. లేకపోతే నీ సిఫారసులు ఎవరి బల్ల మీద ఆగిపోతున్నాయో నీకు తెలియదు.

ఇంటర్వ్యూ చేసినవాళ్లకు ఈ ప్రశ్నలు మెయిల్‌లో పంపు. జవాబులు వచ్చాక ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.